పసుపు చేపను పట్టినవారి పేరు విషయమై

పార్సిప్పనీ, న్యూజెర్సీ రాష్ట్రం.
16 నవంబరు 2009, సోమవారం.

నీటిలో ఏది ఉండవచ్చునో, ఏది ఉండకూడదో, ఉన్నది ఎక్కడి నుంచి వచ్చినదో, వచ్చినది ఎన్నాళ్ళు ఉండవచ్చునో నిర్ణయించే అధికారము గల పెద్దలందరి సముఖమునకు. వారి పేర్లు వారు పంపిన ఉత్తరాల మీద ఎక్కడా అచ్చు కాలేదు గనుక, పేరు లేకుండానే, లోటు లేని గౌరవముతో:

అయ్యా,

విషయం: వేడి సముద్రానికి చెందిన సీతాకోకచిలుక చేప ఒకటి ఈ రాష్ట్రపు నీటిలో దొరికినది, దానిని వదలరాదు, ఉంచుకోరాదు, పంపరాదు అని మూడు ఉత్తర్వులు ఒకే కవరులో అందినవి, మూడింటినీ ఒకేసారి పాటించే మార్గం తెలియనందున తగిన వెసులుబాటు కోరుట గురించి.

సూచిక: (1) అర్జీదారు తనంతట తాను పంపిన సమాచారం, సెప్టెంబరు 8. (2) తమ మొదటి ఉత్తరం, సెప్టెంబరు 29. (3) తమ రెండవ ఉత్తరం, అక్టోబరు 20. (4) టెలిఫోను సంభాషణ, నవంబరు 3. వ్యవధి నలభై ఒక్క నిమిషాలు, అందులో సంగీతం ముప్ఫైమూడు.

ఈ అర్జీ తెలుగులో ఎందుకున్నదని తమకు సందేహం రావచ్చును. తమ రెండు ఉత్తరాల అడుగునా, చిన్న అక్షరాలలో, ఎవరైనా తమకు వచ్చిన భాషలో రాసుకోవచ్చునని, అనువాదం కార్యాలయమే చేయించుకొంటుందని ఉన్నది. ఇంగ్లీషులో రెండుసార్లు రాసి చూశాను. వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టె మూడువందల అక్షరాలకు నిండిపోతుంది. చేప కథ అందులో తోక వరకు కూడా రాలేదు. దీనిని అనువదించబోయే వారెవరో తెలియదు. వారికి నమస్కారములు, క్షమాపణలు.

ఇక వరుసగా మనవి చేసుకొంటున్నాను.

1. అర్జీదారు పేరు ఉమామహేశ్వరి. విశాఖపట్నంలో సముద్ర జీవశాస్త్రంలో ఎం.ఎస్సీ. పట్టా, ఆపైన భీమునిపట్నంలో మత్స్యశాఖ సహాయ తనిఖీ అధికారిగా మూడు సంవత్సరాల రెండు నెలల అనుభవం. ప్రస్తుతం ఉద్యోగం లేదు. లేదనడం కంటే చేయకూడదనడం ఖచ్చితంగా ఉంటుంది. భర్త శ్రీ దివాకర్ గారు సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు. వారి వీసా పని చేయడానికి, అర్జీదారు వీసా వారి వెంట ఉండడానికి. ఇంట్లో కారు ఒకటే. అది ఉదయం ఎనిమిదింటికి భర్తతో వెళ్ళి, సాయంత్రం ఆరున్నరకు భర్తతో తిరిగి వస్తుంది. ఈ అపార్ట్‌మెంటు నుంచి కాలినడకన చేరుకోగలిగినవి మూడు: ఉత్తరాల పెట్టె, చెత్త డబ్బా, పక్క బిల్డింగు. ఈ మూడింటినీ అర్జీదారు మూడేళ్ళుగా క్షుణ్ణంగా తనిఖీ చేసి ఉన్నది. లోపాలేవీ కనబడలేదు.

2. లేబర్ డే సెలవుల ఆదివారం, సెప్టెంబరు 6న, నాలుగు తెలుగు కుటుంబాలవారు సముద్రపు పాయ ఒడ్డుకు పిక్నిక్ వెళ్ళారు. పిల్లలు పీతల కోసం చెక్కవంతెన కింద చిన్న వలలతో నీళ్ళు కలియబెడుతూ ఉండగా, ఒక గుంజ పక్కన పసుపుపచ్చగా మెరిసింది. రూపాయి బిళ్ళంత చేప. తెల్లని ఒళ్ళు, చుట్టూ పసుపు అంచు, కంటి మీదుగా పైనుంచి కిందికి ఒక నల్లని గీత, కాటుక ఎవరో నిలువుగా పెట్టినట్టు. పిల్లల దగ్గర వల అడిగి తీసుకొని, మోకాళ్ళ లోతు నీళ్ళలో ఇరవై నిమిషాలు నిలబడి, అర్జీదారు స్వయంగా ఆ చేపను పట్టినది. ఈ వాక్యాన్ని దయచేసి గుర్తుంచుకోగోరుతాను. అర్జీ అంతా దీని గురించే.

ఇది ఫ్లోరిడా వైపు పగడపు దిబ్బలలో బతకవలసిన చేప. గుడ్డుగానో, గింజంత పిల్లగానో ఉన్నప్పుడు వేడి ప్రవాహం దానిని ఎత్తుకొని ఉత్తరానికి తెస్తుంది. వేసవిలో ఇక్కడి నీళ్ళు కూడా వెచ్చగానే ఉంటాయి గనుక, సరైన చోటికే వచ్చాననుకొని పెరుగుతుంది. అక్టోబరులో దానికి సంగతి తెలుస్తుంది. వెనక్కి ఈదే శక్తి ఉండదు, ప్రవాహం వెనక్కి పోదు. నవంబరు దాటి బతకదు. ఏటా ఇలా వచ్చినవన్నీ చనిపోతాయని తమ కార్యాలయపు కరపత్రంలోనే, రంగు బొమ్మతో సహా, ఉన్నది.

పిక్నిక్‌లో పెద్దవారైన శ్రీమతి రాధారాణి గారు వంతెన మీద నుంచి వంగి చూశారు.

"అంత చిన్నది ఏం కూరవుతుందే ఉమా? వదిలెయ్యి."

"కూరకి కాదు ఆంటీ. వదిలేస్తే చలికి చచ్చిపోతుంది."

"కూరకి కానప్పుడు చస్తే మనకేం, బతికితే మనకేం? రా, పులిహోర ఐపోతోంది."

పెరుగన్నం వడ్డించగా ఖాళీ అయిన పెద్ద పెరుగు డబ్బాను కడిగి, సముద్రపు నీరు నింపి, అందులో చేపను ఇంటికి తెచ్చాను. పాతసామాను అమ్మేవారి దగ్గర రెండడుగుల గాజుతొట్టి, హీటరు దొరికాయి. ఉప్పు సముద్రానిదే, పాకెట్లలో అమ్ముతారు.

3. ఇంతవరకు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. తరువాత అర్జీదారు చేసిన పొరపాటు వలన తమ కార్యాలయానికి ఇంత శ్రమ కలిగినది. కొత్త చేప కనబడితే శాఖకు తెలియజేయాలన్నది మా ఉద్యోగంలో మొదటిరోజు నేర్పే పాఠం. ఉద్యోగం పోయినా పాఠం పోలేదు. సెప్టెంబరు 8న తమ వెబ్‌సైటులో తేదీ, స్థలం, పొడవు, నీటి ఉష్ణోగ్రతతో సహా నమోదు చేశాను. భర్త పక్కనే నిలబడి ఉన్నారు.

"నిన్నెవరైనా అడిగారా?"

"అడగరండీ. మనమే చెప్పాలి. శాఖకి తెలియాలి కదా."

"ఏ శాఖకి? నీ శాఖ భీమిలిలో ఉంది. నా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంటే, గవర్నమెంట్ ఆఫీసుకి నువ్వే పోయి ఇంట్లో ఇల్లీగల్ చేప ఉందని చెప్తావా?"

"ఇల్లీగల్ కాదండీ. కొట్టుకొచ్చింది, అంతే."

"అది నువ్వంటావ్. వాళ్ళేమంటారో చూద్దువుగాని."

తమరు ఏమన్నారో క్రింది అంశంలో ఉన్నది.

4. తమ మొదటి ఉత్తరంలో అర్జీదారు బాధ్యతాయుత ప్రవర్తనకు ధన్యవాదములు తెలిపి, ఈ విధంగా సెలవిచ్చారు. (అ) తొట్టిలో ఉంచిన చేపను తిరిగి రాష్ట్ర జలాలలో వదలరాదు, అది ఇక్కడి చేప కాదు గనుక. (ఆ) అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోరాదు, అది ఇక్కడి నీటిలో దొరికిన చేప గనుక. (ఇ) అనుమతి లేకుండా ఈ రాష్ట్రంలో గాని, బయట గాని మరొక చోటికి పంపరాదు. పేజీ అడుగున ఒక వాక్యం: ఆహారం నిమిత్తం పట్టిన చేపలకు పై నిబంధనలు వర్తించవు.

అనగా, తమ కార్యాలయం అభిప్రాయంలో, రూపాయి బిళ్ళంత ఆ ప్రాణికి చట్టం తెరిచి ఉంచిన దారి మూకుడు ఒక్కటే.

5. తమ రెండవ ఉత్తరంతో అనుమతి ఫారం అందినది. అందులో 'చేపను పట్టినవారు' అన్న గడిలో పేరు రాయాలి. మూడవ గడిలో ఆ వ్యక్తి సోషల్ సెక్యూరిటీ నంబరు, ఏడవ గడిలో చేపలకు సంబంధించిన చదువు, అనుభవం రాయాలి. సదరు నంబరు ఉద్యోగం చేయదగిన వారికి ఇస్తారు గనుక అర్జీదారుకు లేదు. పన్నుల కోసం ఇచ్చిన నంబరు ఒకటి ఉన్నది. దానిని తమ వెబ్‌సైటు ఎర్ర అక్షరాలతో నిరాకరించినది. భర్తకు నంబరు ఉన్నది. ఏడవ గడిలో రాయడానికి వారికి మెకానికల్ ఇంజనీరింగు ఉన్నది. చేపల అనుభవం భోజన సమయంలో మాత్రమే. ఈ విధంగా ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, తమ ఫారానికి కావలసినవన్నీ ఉన్నప్పటికీ, అవి ఇద్దరు మనుషులలో ఉన్నందున పనికిరాకుండా పోయినవి.

6. అక్టోబరు 27న పొగ వస్తే మోగే గంటలను తనిఖీ చేయడానికి అపార్ట్‌మెంటు లీజింగ్ ఆఫీసు మేనేజరు శ్రీ రాజ్ గారు వచ్చారు. వారిది కరీంనగర్. తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఇదేంది మేడం?"

"చేపండీ."

"చేప అని నాక్కూడ కనబడ్తుంది. లీజుల పెట్స్ అలౌడ్ లేవు గద."

"పెట్ కాదు రాజ్ గారూ. ప్రభుత్వ పరిశీలనలో ఉన్న జీవి."

"అట్లయితె ఇంకా పరేషాన్. చూడుండ్రి, వండుకుంటె నాకేం ప్రాబ్లం లేదు, ఫ్యాన్ ఏస్కోండ్రి సాలు. పెంచుకుంటెనే ప్రాబ్లం."

ఈ విషయంలో తమ కార్యాలయానికి, లీజింగ్ ఆఫీసుకు ఏకాభిప్రాయం ఉన్నట్లు గమనించి నమోదు చేస్తున్నాను. మేము ఎటూ డిసెంబరు 5న ఇల్లు ఖాళీ చేస్తున్నామని తెలిసి, "అప్పటిదాక నేను సూడలే" అని వారు తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు. ఈ కేసులో ఇంతవరకు దొరికిన ఏకైక అనుమతి అదే.

7. డిసెంబరు 5 సంగతి. భర్త ప్రాజెక్టు ఇక్కడ పూర్తయినందున, దేశపు పడమటి చివరనున్న రెడ్‌మండ్‌లో కొత్త ప్రాజెక్టుకు మారవలసి ఉన్నది. విమానం ఆ శనివారం ఉదయం. అర్జీదారు వెంట ఉండవలసిన మనిషి గనుక వెంట వెళుతుంది. చేప వెళ్ళరాదు, అంశం 4 (ఇ) చూడుడు. ఉండరాదు, (ఆ) చూడుడు. పాయలోకి పోరాదు, (అ) చూడుడు. చట్టం ఒప్పుకొన్నా ఈ ఉదయం పాయలో నీరు ఇక్కడి లెక్కలో యాభై డిగ్రీలు. అరవై దిగితేనే అది మేత మానేస్తుంది.

8. దానిని తీసుకొంటామని అక్టోబరులోనే ఫోనులో అన్నవారు లేకపోలేదు. సముద్రతీరాన ఒక చేపల ప్రదర్శనశాల ఉన్నది. అక్కడి సంరక్షకురాలు డాక్టర్ శ్రీవిద్య, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు అమ్మాయి. ఇదే జాతి చేపలు వారి తొట్టిలో ఏడు ఉన్నవి. నిన్న ఆదివారం భర్త కారులో తీసుకువెళ్ళగా ఫోటోలు చూపించాను.

"ఆంటీ, టెన్ వీక్స్ ఎలా కీప్ చేశారు దీన్ని? ఈ సైజ్‌లో మా దగ్గరే హాఫ్ చచ్చిపోతాయి."

ఆమె నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఆంటీ అన్న విషయమై ప్రత్యేకంగా అర్జీ పెట్టుకొనే ఉద్దేశం లేదు.

"పచ్చిరొయ్య ఆవగింజంత ముక్కలు చేసి, రోజుకి ఐదుసార్లు. పగలంతా ఇంట్లోనే ఉంటాగా."

"యు షుడ్ వర్క్ హియర్! సీరియస్‌లీ ఆంటీ, మాకు ఒక పొజిషన్ ఓపెన్ ఉంది."

"చేయకూడదమ్మా."

"ఎవరు చేయొద్దన్నారు? అంకులా?"

"అంకుల్ కాదు. అంకుల్ వీసా."

అంకుల్ పక్కనే నిలబడి, గాజు వెనక ఉన్న తాబేలును చాలా శ్రద్ధగా చూశారు.

తమ అనుమతి కాగితం చేతికి రాగానే చేపను తీసుకొంటామని డాక్టర్ శ్రీవిద్య రాసి ఇచ్చినది జతపరచడమైనది. కాగితం లేకుండా తీసుకొంటే వారి లైసెన్సు పోతుంది. ఆమెను తప్పుపట్టను.

9. తప్పుపట్టే అర్హత నాకెంత ఉన్నదో కూడా చెప్పుకోవలసి ఉన్నది. భీమునిపట్నంలో నరసింహ అనే జాలరి పడవ లైసెన్సు కోసం అర్జీ పెట్టుకొన్నాడు. ఇసుకలో పాక అతనిది. పాకకు ఇంటి నంబరు లేదు. ఇంటి నంబరు గడి ఖాళీగా ఉన్నదని మూడుసార్లు తిప్పి పంపాను. మూడవసారి అతను, "అమ్మా, పడవ నీళ్ళమీద ఉంటాది, ఇంటితో దానికేం పని?" అన్నాడు. గడి నింపుకొని రమ్మన్నాను. నాలుగవసారి రాలేదు. ఆ రోజు నేను భోజనానికి కొంచెం ముందే లేచి వెళ్ళినట్టు కూడా గుర్తు. తమ కార్యాలయంలో ఈ అర్జీని చదివేవారు భోజనం చేసి వచ్చి చదివినా నాకు అభ్యంతరం లేదు.

10. నవంబరు 3న టెలిఫోనులో సంగీతం ముగిసిన తరువాత క్యాథీ అనే ఉద్యోగిని పలికారు. అంతా ఓపికగా విన్నారు. ఆమె నన్ను 'హనీ' అని సంబోధించారు. తెలుగు ఫైలులో దానిని 'అమ్మా' అని నమోదు చేస్తున్నాను. ఆమె చెప్పినది ఇది:

"చూడమ్మా, చేపను ఒక్కసారి అప్పగించడానికే అయితే ఏడో గడి ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. మూడో గడే ఖాళీగా ఉండకూడదు. మీ ఆయనకు నంబరుందన్నావుగా? చేపను ఆయనే పట్టాడని రాసి పంపెయ్. రెండురోజుల్లో అయిపోతుంది."

"ఆయన పట్టలేదండీ. నేను పట్టాను."

"తెలుసమ్మా. కానీ నువ్వు మా సిస్టమ్‌లో లేవు."

చదువు గడి ఖాళీగా ఉండవచ్చును, నంబరు గడి ఉండరాదు అన్న తమ విధానంపై వ్యాఖ్యానించడం అర్జీదారు పరిధి కాదు. క్యాథీ గారు మంచివారు. ఆమెపై ఏ చర్యా తీసుకోవద్దని ప్రార్థన.

11. ఆ సాయంత్రం భోజనాల దగ్గర జరిగినది కూడా, ఫైలు సమగ్రంగా ఉండడం కోసం, రాస్తున్నాను. మొదట మాట్లాడినది భర్త.

"నేను పట్టానని రాసేస్తే చేప బతుకుతుంది కదా?"

"బతుకుతుందండీ."

"మరింకేంటి? సంతకం పడేస్తా, ఇలా తే."

"దాని పేరు తెలుసా మీకు?"

"పసుపు చేప."

"ఏం తింటుంది?"

"మన రొయ్యలు తింటుంది. నాకు లేకుండా." నవ్వారు. నేను నవ్వలేదు. అందుమీదట గొంతు తగ్గించి అన్నారు: "ఉమా, ఇల్లు నా పేరే, కారు నా పేరే, కరెంటు బిల్లూ నా పేరే. ఒక్క చేప కూడా నా పేరు మీదకి వస్తే నీకేం తక్కువైందే?"

"అదొక్కటే మిగిలిందండీ."

ఆ తరువాత ఇద్దరిలో ఎవరూ పెరుగు వేసుకోలేదు. వారు చెడ్డవారు కారు. వారి మెడ మీద కూడా ఒక ఎక్స్‌టెన్షన్ ఉన్నది. అయితే అయ్యా, నేను ఈ దేశం వచ్చి మూడేళ్ళయినది. ఈ మూడేళ్ళలో నేను చేసిన పని, నా చదువుతో, నా చేతులతో, ఎవరి వెంటా కాకుండా చేసిన పని, మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆ ఇరవై నిమిషాలే. దానిని ఇంకొకరు చేశారని నా చేత్తో నేను ఎలా రాయను?

పై వాక్యాలు అర్జీ భాషలో లేవు. మార్చి రాయబోయి, కుదరక, అలాగే ఉంచినందుకు మన్నించగలరు.

12. పగలంతా ఇంట్లో అర్జీదారు, చేప మాత్రమే ఉంటారు. తొట్టి పొడవు రెండడుగులు. చేప ఒక మూల నుంచి రెండవ మూలకు వెళ్ళి, గాజును ముక్కుతో తాకి, తిరిగి వస్తుంది. గంటకు ఎన్నిసార్లో లెక్క రాసి ఉంచాను. కోరితే సమర్పించగలను. మధ్యలో నేను లేచి వంటగది వరకు వెళ్ళి వచ్చినవి ఆ లెక్కలో కలపలేదు.

కావున తమరు ఈ క్రింది కోరికలను పరిశీలించవలసినదిగా ప్రార్థన.

కోరిక నం. 1: మూడవ గడి ఖాళీగా ఉన్నప్పటికీ ఏడవ గడిని చదివి, చేపను డాక్టర్ శ్రీవిద్యకు అప్పగించే అనుమతిని, దానిని పట్టిన ఉమామహేశ్వరి పేరున, డిసెంబరు 4వ తేదీ సాయంత్రం ఐదు గంటలలోగా మంజూరు చేయవలెను. మధ్యలో థ్యాంక్స్‌గివింగ్ సెలవులు ఉన్నవి. చేపకు సెలవులు లేవు.

కోరిక నం. 2: మంజూరు చేయనిచో, ఆ నిర్ణయాన్ని పేరు గల ఒక మనిషి సంతకముతో తెలియజేయవలెను.

కోరిక నం. 3: ఆహారం నిమిత్తం అన్న వాక్యాన్ని ఇకముందు చేపను బతికించమని అడిగినవారి ఉత్తరాలలో అచ్చు వేయకుండా ఉండవలెను.

పై సంగతులు చిత్తగించి, చేప ఈదుతూ ఉండగానే జవాబు దయచేయగలరని ఎదురుచూచుచు,

తమ విధేయురాలు, తమ సిస్టమ్‌లో లేనిది,
ఉమామహేశ్వరి, ఎం.ఎస్సీ.

జతపరచినవి: చేప ఫోటోలు నాలుగు, ఎం.ఎస్సీ. పట్టా నకలు, డాక్టర్ శ్రీవిద్య అంగీకార పత్రం, మరొక ఫారం, దాని గురించి క్రింద.

తా.క.: ఆ మరొక ఫారం అబద్ధపు కాగితం. ఈ ఉదయం కారు తీసే ముందు దివాకర్ గారు దానిమీద సంతకం చేసి, తొట్టి పక్కన పెట్టి వెళ్ళారు. 'చేపను పట్టినవారు' అన్న గడి వారు నింపలేదు. నాకే వదిలిపెట్టారు. ఇప్పుడే, పదకొండు గంటలకు, అందులో దివాకర్ అని నేనే రాశాను. చేతివ్రాత పోల్చి చూసుకోవచ్చును. ఇటువంటి కాగితం పంపినవారిని నా ఉద్యోగంలో నేను ఒక్కరినీ క్షమించలేదు. డిసెంబరు 4 సాయంత్రానికి పై అర్జీ మీద ఏదీ తేలకపోతే, దీనిని వాడుకోండి. చేపను బతకనివ్వండి. అలా వాడే పక్షంలో మాత్రం ఇంకొకటి నమోదు చేసుకోగోరుతున్నాను.

కోరిక నం. 4: చేప డాక్టర్ శ్రీవిద్య తొట్టిలోకి చేరిన తరువాత, ఫైలు మూసే ముందు, సదరు అబద్ధపు కాగితం వెనుకవైపున, పట్టినది ఉమామహేశ్వరి అని, పెన్సిలుతోనైనా సరే, ఒకసారి రాయవలెను. రాసిన తరువాత చెరిపివేసినా అర్జీదారుకు అభ్యంతరం లేదు.